పట్టపగటి చీకటి కోసం చిలీ దాకా

2019 జులై 2. దక్షిణ అమెరికాలోని ఎల్కీ లోయ. కెమెరాలు భుజాన వేసుకుని భూగోళం అవతలి వైపుకి వెళ్లిన ఒక తెలుగు బృందం. నిండా రెండున్నర నిమిషాలు కూడా నిలవని సంపూర్ణ సూర్యగ్రహణాన్ని చూడాలా, ఫొటో తీయాలా?

సూర్యుడు ఆ కొండకి పైన ఉంటాడా, వెనక్కి పోతాడా? గ్రహణానికి ముందురోజు సాయంత్రం మాలో మాకు నడిచిన వాదనంతా దీని మీదే. చోటు చిలీ దేశంలో వికూన్యా అనే చిన్న పట్నం శివారు. చలికాలానికి ఆకు రాల్చేసిన ద్రాక్షతోట గట్టు మీద నిలబడి ఉన్నాం. ఫోన్లలో ఒక యాప్‌ ఒక మాట చెబుతోంది, మ్యాపు ఇంకో మాట చెబుతోంది. మా బృందంలో పెద్దాయన, రిటైరైన ఫిజిక్స్‌ మాస్టారు, రెండింటినీ పట్టించుకోలేదు. చెయ్యి బారుగా చాచి, పిడికిలి బిగించి కొండ కొలతలు తీస్తున్నారు. చాచిన చేతి పిడికిలి ఆకాశంలో దాదాపు పది డిగ్రీలు కప్పుతుంది. మర్నాడు సూర్యుడు పూర్తిగా మూసుకుపోయే వేళకి అతను ఉండేది పదమూడు డిగ్రీల ఎత్తులో. అంటే పిడికిలి మీద రెండు వేళ్ల మందం కూడా లేదు.

‘‘ఈ గొడవంతా ఎందుకర్రా? రేపు నాలుగూ ముప్పై ఎనిమిదికి సూర్యుడు ఎక్కడుంటాడో, ఇవాళ నాలుగూ ముప్పై ఎనిమిదికీ అక్కడే ఉంటాడు. ఆగి చూస్తే పోలా!’’ అన్నారాయన.

ఆగి చూశాం. మా గట్టు మీద ఇంకా ఎండ ఉంది. మాకన్నా కాస్త పల్లంలో, కొండకి దగ్గరగా ఉన్న తోట మాత్రం అప్పటికే నీడలోకి వెళ్లిపోయింది. ఆ తోటలో కుర్చీలు వేసి, తాళ్లు కట్టి, మర్నాటికి చోటు అట్టిపెట్టుకున్న వాళ్లున్నారు. వచ్చిన స్పానిష్‌ ముక్కలు నాలుగూ, చేతి సైగలూ కలిపి వాళ్లకి సంగతి చెప్పాం. కొందరు నమ్మి కుర్చీలు ఎత్తారు. కొందరు నవ్వి ఊరుకున్నారు.

గ్రహణం ఫొటోలంటే లెన్సులూ ఫిల్టర్లూ అనుకుంటాం గానీ, సగం పని చోటు వెతకడమే. ఆ రోజు చంద్రుడి నీడ ఎక్కువ భాగం పసిఫిక్‌ సముద్రం మీదే నడిచింది. గ్రహణం అతి ఎక్కువసేపు, అంటే నాలుగున్నర నిమిషాలు, నిలిచిన చోటు నడిసముద్రంలో ఉంది. నేలకి తగిలేసరికి సాయంత్రమైపోయింది. చిలీ, అర్జెంటీనాల్లో ఒక సన్నటి పట్టీ మీదే సంపూర్ణం. ఆ పట్టీలో ఏ ఊరు? లా సెరేనా సముద్రపు ఒడ్డున ఉంటుంది. హోటళ్లు దండిగా దొరుకుతాయి. కానీ ఆ ఒడ్డు వెంబడి హంబోల్ట్‌ చల్లనీటి ప్రవాహం పోతుంది. దాని మూలంగా పుట్టే పొగమంచుని అక్కడివాళ్లు కమాంచాకా అంటారు. అది ఎప్పుడు కమ్ముతుందో, ఎప్పుడు విడుతుందో ఎవరూ పూచీ పడలేరు. అరవై కిలోమీటర్లు లోపలికి, ఎల్కీ నది వెంబడి వెళ్తే మంచు కిందనే ఉండిపోతుంది, ఆకాశం గాజులా తేలుతుంది. అమెరికా వాళ్ల సెర్రో టొలోలో, ఐరోపా వాళ్ల లా సియ్యా, జెమినై సౌత్‌... పెద్ద అబ్జర్వేటరీలన్నీ ఆ చుట్టుపక్కల కొండలెక్కి కూర్చోవడం ఊరికే కాదు. లా సియ్యా అప్పటికి యాభై ఏళ్ల పండగ చేసుకుంటోంది. చంద్రుడి నీడ సరిగ్గా దాని మీదుగానే వెళ్లడం ఆ అబ్జర్వేటరీ అదృష్టం.

లోపలికి వెళ్లేకొద్దీ ఆకాశం బాగుంటుంది, కొండలు అడ్డొస్తాయి. ఒడ్డుకి వచ్చేకొద్దీ కొండలు తగ్గుతాయి, మంచు భయం పెరుగుతుంది. మేం మధ్యేమార్గంగా వికూన్యా పట్టుకున్నాం. నోబెల్‌ అందుకున్న కవయిత్రి గాబ్రియేలా మిస్ట్రాల్‌ పుట్టిన ఊరది. పిస్కో అనే ద్రాక్షసారాకి పేరుపడిన లోయ. ఆ సారా గురించి ఇంతకన్నా రాస్తే ఇంట్లో అడుగుతారు.

అందరూ ఒకే ఫొటో తీస్తే ఎలా?

హైదరాబాద్‌, విజయవాడ, ఒంగోలు కలిపి మేం ఓ డజను మందిమి. సాఫ్ట్‌వేర్‌ దంపతులున్నారు, పళ్ల డాక్టరమ్మ ఉన్నారు, పెళ్లిళ్లకి ఫొటోలు తీసే స్టూడియో యజమాని ఉన్నాడు, ఇందాకటి మాస్టారున్నారు. లిథియం బ్యాటరీలు చెక్‌–ఇన్‌ సామానులో వేయకూడదు కాబట్టి అందరి చేతిసంచుల్లోనూ బ్యాటరీలే. శాంటియాగో విమానాశ్రయంలో తిండి పదార్థాలు ఏమున్నా ముందుగా రాసివ్వాలి. పండ్లు, విత్తనాల విషయంలో చిలీ వాళ్లు మహా గట్టివాళ్లు. డాక్టరమ్మ ఆవకాయ సీసా కూడా రాసిచ్చారు. అధికారి మూత తీసి వాసన చూసి, ఓ క్షణం కళ్లు మూసుకుని, సీసా వెనక్కిచ్చేశాడు.

అసలు చిక్కు చిలీ చేరాక మొదలైంది. అందరి దగ్గరా టెలీ లెన్సులే, అందరికీ సూర్యుడు మూసుకునే ఆఖరి క్షణాన ఒక్క చుక్కగా మెరిసే వజ్రపుటుంగరం ఫొటోనే కావాలి. దేశం దాటి గుంపుగా వెళ్లి ఒకే ఫొటో డజనుసార్లు తీయడంకన్నా తెలివితక్కువ పని ఉందా అని నాకు మొదటినుంచీ అనుమానం. చెబితే ఎవరు వింటారు? చివరికి ఒంగోలు స్టూడియో అతనే తేల్చాడు. ‘‘తాళి కట్టేటప్పుడు ఇంకోసారి కట్టండి బాబూ అని అడగలేం కదన్నా! అందుకే అక్కడ నలుగురం నిలబడతాం. ఒకడు తాళి, ఒకడు వైడు, ఒకడు అమ్మానాన్నల మొహాలు. ఆల్బం మాత్రం ఒకటే.’’

అదే ఖాయమైంది. రెండు టెలీ లెన్సులు మాత్రమే సూర్యుడి మీద. ఒకటి కొండా తోటా మనుషులూ కలిసొచ్చే వైడ్‌. ఒకటి సూర్యుడి వైపు చూడనే చూడకుండా మా మొహాల వైపు తిప్పిన వీడియో. మిగతావాళ్లు ఖాళీ చేతులతో నిలబడాలి. ఎవరు తీసినా ఫొటోలు అందరివీ. మాస్టారికి కెమెరా లేదు, గడియారం ఉంది. ‘‘ఫిల్టర్‌ తీయండి’’, ‘‘సగం అయింది’’, ‘‘ఫిల్టర్‌ పెట్టండి’’ అని మూడు కేకలు వేయడం ఆయన పని. సాఫ్ట్‌వేర్‌ కుర్రాడు రాత్రంతా అలిగాడు. తెల్లారేసరికి తగ్గాడు.

ఖాళీ చేతుల మాట నేను గట్టిగా పట్టుబట్టడానికి వెనక ఓ పెద్దమనిషి ఉన్నాడు. 1919 మే 29 గ్రహణానికి ఆఫ్రికా పక్కనున్న ప్రిన్సిపే దీవికి వెళ్లిన ఆర్థర్‌ ఎడింగ్టన్‌. సూర్యుడి పక్కనుంచి వచ్చే నక్షత్రపు వెలుగు ఐన్‌స్టైన్‌ చెప్పినట్టు వంగుతుందా లేదా అని తేల్చిన యాత్ర అది. ఫొటో పలకలు మార్చడంలో మునిగిపోయి తాను గ్రహణాన్ని చూడనేలేదని ఆయనే తర్వాత రాసుకున్నాడు. మొదలైందా లేదా అని ఓసారి, మబ్బు ఎంతుందో అని సగంలో ఇంకోసారి తల ఎత్తాడట. అంతే. ఆయనకి ఐన్‌స్టైన్‌ ఉన్నాడు కాబట్టి చెల్లింది. మనకి ఏముంది, వాట్సాప్‌ స్టేటస్‌!

అదే గ్రహణానికి బ్రెజిల్‌లోని సోబ్రాల్‌ వెళ్లిన జట్టుది మరో పాఠం. రాత్రిపూట నక్షత్రాల మీద చక్కగా ఫోకస్‌ కుదుర్చుకున్నారు. పగలు ఎండకి అద్దం వేడెక్కి పెద్ద టెలిస్కోపు ఫోకస్‌ కాస్తా జారిపోయింది. పక్కన పెట్టిన నాలుగంగుళాల చిన్న లెన్సే ఆదుకుంది. వందేళ్లయినా ఆ జబ్బు పోలేదు. ఎండలో గంటసేపు నిలబెట్టిన టెలీ లెన్సు ఫోకస్‌ కొద్దిగా కదులుతుంది. మామూలుగా అయితే ఫిల్టర్‌లోంచి సూర్యుడి మచ్చల మీద ఫోకస్‌ సరిచూసుకుంటారు. ఆ రోజు సూర్యుడి మీద ఒక్క మచ్చా లేదు. పదకొండేళ్ల చక్రంలో అతను బాగా నెమ్మదించిన కాలమది. చేసేదిలేక సూర్యుడి అంచు మీదే, తెర మీద పదింతలు పెద్దది చేసి, రింగుని వెంట్రుకవాసి అటూ ఇటూ తిప్పుతూ అంచు పదునెక్కిన చోట ఆపాం. ఆపిన వెంటనే రింగు మీద నల్ల ఇన్సులేషన్‌ టేపు చుట్టాం. గంట తర్వాత టేపు విప్పి, చూసి, మళ్లీ చుట్టాం.

దిక్కులు మారిన దేశంలో

దక్షిణార్ధగోళంలో అలవాట్లు పనికిరావు. అక్కడ పగటి సూర్యుడు ఉత్తరాన ఉంటాడు. కుడినుంచి ఎడమకి నడుస్తాడు. మన దగ్గర సాయంత్రం సూర్యుడు కుడివైపుకి వాలుతూ కుంకితే, అక్కడ ఎడమవైపుకి వాలతాడు. ఒకే ఫ్రేములో గ్రహణం దశలన్నీ వరసగా రావాలనుకున్న వాళ్లు చోటు ఎడమన, కిందికి వదలాలి. ఇక ఆకాశం కదలికతో పాటే కెమెరాని తిప్పే ట్రాకర్‌ సంగతి సరేసరి. ధ్రువనక్షత్రం కనబడదు. దాని బదులు దక్షిణ ధ్రువం దగ్గర ఉన్న సిగ్మా ఆక్టాంటిస్‌ చీకటి రాత్రి కూడా కళ్లు చికిలించి వెతుక్కోవాల్సినంత మసక చుక్క. దిక్సూచితో దక్షిణం చూసుకుని, ఆ చోటి అక్షాంశం ముప్పై డిగ్రీలకి వంపు సరిపెట్టుకుని, దేవుడి మీద భారం వేశాం.

ఎక్స్‌పోజర్‌ గురించి రెండు మాటలు. సూర్యుడి ఫిల్టర్‌ లక్ష వంతుల్లో ఒక వంతు వెలుగునే లోపలికి వదులుతుంది. పాక్షికంగా ఉన్నంతసేపూ అది లెన్సు మీద ఉండాల్సిందే, కళ్లకి గ్రహణం కళ్లద్దాలు ఉండాల్సిందే. సూర్యుడు పూర్తిగా మూసుకున్నాక బయటపడే కరోనా, అంటే ఆ కిరీటం లాంటి వెలుగు, సూర్యబింబంలో పదిలక్షల వంతు కూడా ఉండదు. ఇంచుమించు పున్నమి చంద్రుడంత. అప్పుడు ఫిల్టర్‌ ఉంటే ఏమీ రాదు. చిక్కేమిటంటే కరోనాలో కూడా అంచు పక్క వెలుగుకీ చివరి పోగుల వెలుగుకీ వందల రెట్లు తేడా. ఐఎస్‌ఓ 200, ఎఫ్‌/8 దగ్గర లోపలి కరోనాకి సెకనులో నాలుగువందల వంతు చాలు. సూర్యుడి వ్యాసార్ధమంత దూరం బయటికి వెళ్తే సెకనులో ఆరో వంతు కావాలి. చివరి పోగులకి అరసెకను పైమాటే. ఏ ఒక్క ఫొటోలోనూ అన్నీ రావు. కన్ను మాత్రం అన్నీ ఒకేసారి చూస్తుంది. అందుకే వేర్వేరు వేగాలతో వరసగా తీసి తర్వాత కంప్యూటర్లో కలుపుతారు. ఇందులో చెక్‌ దేశపు గణిత ఆచార్యుడు మిలోస్లావ్‌ డ్రుక్‌ముల్లర్‌ని మించినవాళ్లు లేరు. ఆయన కలిపిన చిత్రాల్లో కరోనా పోగు పోగూ లెక్కపెట్టొచ్చు. మా సాఫ్ట్‌వేర్‌ దంపతులు ఈ వరసంతా లాప్‌టాప్‌కి అప్పగించారు. షట్టర్‌ అదే నొక్కుకుంటుంది, వాళ్లు తలెత్తి చూడొచ్చు.

గుంటూరు కూడా ఒకప్పుడు విదేశమే

గ్రహణం కోసం కెమెరాలు మోసుకుని దేశాలు పట్టిపోవడం ఇప్పటి సరదా కాదు. 1851లో కోనిగ్స్‌బర్గ్‌లో బెర్కోవ్‌స్కీ అనే ఆయన తొలిసారి కరోనాని పలక మీదకి ఎక్కించాడు. 1860లో వారెన్‌ డి లా ర్యూ ఇంగ్లండు నుంచి స్పెయిన్‌కి సామానంతా ఓడలో వేసుకుపోయాడు. ఆ తర్వాతి పెద్ద గ్రహణానికి వాళ్లు వచ్చింది మన ఇంటికే. 1868 ఆగస్టు 18న మేజర్‌ జేమ్స్‌ టెనెంట్‌ జట్టు గుంటూరులో కెమెరా నిలిపింది. ఆ రోజుల్లో ఫొటో అంటే గాజు పలకకి మందు పూసి, తడి ఆరకముందే ఫొటో తీసి, ఆరకముందే కడగాలి. గుంటూరులో, ఆగస్టు ఉక్కలో! ఐదు నిమిషాలకు పైగా నిలిచిన సంపూర్ణంలో వాళ్లు తీసినవి ఆరు పలకలు. పల్చటి మబ్బు అడ్డొచ్చి కరోనా పెద్దగా పడలేదు గానీ, సూర్యుడి అంచున కొమ్ములా లేచిన ఒక బ్రహ్మాండమైన జ్వాల దొరికింది. అదే ఊళ్లో ఫ్రాన్స్‌ నుంచి వచ్చిన జాన్సెన్‌ ఆ జ్వాలల వెలుగుని వర్ణపటంలో విడదీసి చూశాడు. గ్రహణం లేకపోయినా వాటిని చూడొచ్చని మర్నాడే చూపించాడు. మచిలీపట్నంలో మద్రాసు అబ్జర్వేటరీ అధిపతి పాగ్సన్‌, వనపర్తిలో ఆయన సహాయకుడు చింతామణి రఘునాథాచారి. హీలియం అని తర్వాత పేరుపెట్టిన మూలకం జాడ తొలిసారి కంటబడింది ఆ గ్రహణంలోనే. గుంటూరు మిర్చికి ఉన్న పేరులో పదోవంతు దీనికి లేకపోవడం నాకెప్పుడూ వింతే.

1980 ఫిబ్రవరి 16న మళ్లీ మన నేల మీదుగా నీడ వెళ్లింది. ఉస్మానియా వాళ్ల జపాల్‌–రంగాపూర్‌ అబ్జర్వేటరీ ఆ దారిలోనే ఉంది. శాస్త్రవేత్తలు ఎక్కడెక్కడినుంచో అక్కడికి చేరారు. దానికి కూతవేటు దూరంలోని ఊళ్లో అప్పుడు కాలేజీలో చదువుకుంటున్న మా మాస్టారు మాత్రం తలుపులు బిగించిన గదిలో ఉన్నారు. వాళ్లమ్మగారు కిటికీలకి దుప్పట్లు కట్టారట. ‘‘ఇంటి పైనుంచి పోయిందయ్యా అది. నేను మంచం మీద కూర్చుని పేకముక్కలు పేర్చుకుంటున్నా’’ అని విమానంలో చెప్పారు. ఆ రోజు రోడ్లన్నీ ఖాళీ అని మన ఇళ్లల్లో పెద్దవాళ్లని ఎవరిని అడిగినా చెబుతారు.

ఆ భయం ఇంకా పూర్తిగా పోలేదు. చిలీ గ్రహణం భారతదేశంలో కనబడదు, అక్కడ సంపూర్ణ వేళకి మనకి రాత్రి రెండు దాటుతుంది. కనబడని గ్రహణానికి పట్టూ విడుపూ స్నానాలు లేవని పంచాంగాలే చెబుతాయి. అయినా డాక్టరమ్మకి అత్తగారి ఫోన్‌ వచ్చింది. ‘‘మాకు లేకపోతే లేకపోయిందమ్మా, అక్కడున్న నీకు ఉంటుంది కదా!’’ శాస్త్రప్రకారం ఆవిడ మాట నూటికి నూరుపాళ్లు నిజం. డాక్టరమ్మ దగ్గర జవాబు లేదు.

నాలుగూ ముప్పై ఎనిమిది

మూడూ ఇరవై దాటాక స్పర్శ. కుడి ఎడమలు తెలియని చిన్న కొరుకు. తర్వాత గంటసేపు చెప్పుకోదగ్గదేమీ జరగదు. రోడ్డు మీద కార్లు ఆగుతున్నాయి. ఎవరో గిటారు తీశారు. ఎంపనాదాలనే కజ్జికాయల్లాంటివి అమ్మే ఆవిడ అందరికీ అమ్మి, తనూ ఓ జత గ్రహణం కళ్లద్దాలు పెట్టుకుని కూర్చుంది.

చివరి పావుగంటలో వెలుగు మారింది. ఎండ తగ్గినట్టు కాదు, ఎండలోంచి రంగు తీసేసినట్టు. ద్రాక్షతీగలు పాకించే ఇనుపతీగల నీడలు నేల మీద కత్తితో గీసినంత సన్నగా పడ్డాయి. చలి జాకెట్లోకి దూరింది. వీధికుక్కలు అరిచి, ఉన్నట్టుండి మానేశాయి. పడమర సముద్రం వైపు ఆకాశం అడుగున నీలం ముదిరి నల్లబడుతోంది. అది మబ్బు కాదు, నీడ.

‘‘ఫిల్టర్‌ తీయండి!’’

చార్టు పేపరుతో చేసిన ఫిల్టర్‌ తొడుగుల్ని ముందే వదులు చేసి ఉంచాం. లాగీలాగగానే వచ్చేశాయి. ఆఖరి వెలుగు ఒక్క చుక్కై మండి, ముక్కలై, ఆరిపోయింది. సూర్యుడు ఉండాల్సిన చోట నల్లటి బిళ్ల. దాని చుట్టూ వెండిరంగు. ఫొటోల్లో చూసినట్టు గుండ్రంగా లేదు. రెండు పక్కలకీ పొడుగ్గా సాగి, పైనా కిందా పొట్టి కుచ్చుల్లా ఉంది. సూర్యుడు నెమ్మదించిన ఏళ్లలో కరోనా అలాగే ఉంటుందని చదివాను. 2024 ఏప్రిల్‌లో, సూర్యుడు మంచి ఊపు మీద ఉన్నప్పుడు, అమెరికా గ్రహణంలో అది చుట్టూ పూచినట్టు వచ్చింది. చదివింది వేరు. కొండ నెత్తి మీద అంత కిందికి, అంత పెద్దగా కనబడుతుందని ఎవరూ చెప్పలేదు. దానికి దిగువన శుక్రుడు. చుట్టూ నలుదిక్కులా అడుగున సూర్యాస్తమయపు నారింజరంగు. లోయ పొడుగునా జనం అరుపులు ఒకదాన్నొకటి అందుకుంటూ పోతున్నాయి. లాప్‌టాప్‌ తన పాటికి తను షట్టర్‌ టకటకలాడిస్తోంది.

‘‘సగం అయింది’’ అన్న కేక రాలేదు. మాస్టారు గడియారం ఉన్న చెయ్యి కిందికి వదిలేసి పైకి చూస్తున్నారు. రెండో వజ్రం మెరిసినప్పుడు ‘‘ఫిల్టర్‌ పెట్టండన్నా, పెట్టండి!’’ అని అరిచింది ఒంగోలు అతను.

ఆ తర్వాత విడుపు చూడ్డానికి ఎవరికీ ఓపిక లేదు. మోక్షకాలం ఇంకా ఉండగానే కొరికిన సూర్యుడు కొండ వెనక్కి దిగిపోయాడు. లోయ రోడ్డు మీద కార్లు ఒకదాని తోక ఒకటి పట్టుకుని కదలక నిలబడ్డాయి. మాకు తొందరేమీ లేదు. గ్రహణం రోజు అమావాస్యే కదా. చంద్రుడి ఊసు లేని రాత్రి, ప్రపంచంలోనే తొలి చీకటి ఆకాశ అభయారణ్యంగా 2015లో గుర్తింపు పొందిన ప్రాంతం పక్కన! అక్కడి చలికాలంలో పాలపుంత నడిబొడ్డు సరిగ్గా నడినెత్తిన ఉంటుంది. మన ఊళ్లనుంచి కంటికి ఆనని మెగెల్లాన్‌ మేఘాలు దక్షిణాన రెండు మసక మచ్చలు. రోడ్డు ఖాళీ అయ్యేదాకా అవే తీసుకున్నాం.

ఫొటోల సంగతి. లాప్‌టాప్‌ తీసిన వరసని కలపడానికి దంపతులకి వారాలు పట్టింది. బాగా వచ్చింది, వాళ్ల ఇంటి గోడ మీద ఉంది. కానీ ఈ కథనానికి ముఖచిత్రంగా ఎంచుకున్నది ఆ ఫొటో కాదు, వైడ్‌ లెన్సుది. అందులో సూర్యుడు చిటికెనవేలి గోరంత. కొండ, తోట, తలలెత్తిన మనుషులు, కిందికి వేలాడుతున్న మాస్టారి చెయ్యి.

గ్రహణాల వరస ఇంతటితో అయిపోలేదు. 2020 డిసెంబరు 14న నీడ చిలీకే మళ్లీ వచ్చింది. కొవిడ్‌ ఉన్నా వెళ్లిన వాళ్లని పుకోన్‌ దగ్గర వాన పలకరించింది. 2026 ఆగస్టు 12 నాటి స్పెయిన్‌ గ్రహణం సాయంత్రపుది కాబట్టి పిడికిలి లెక్క అక్కడా తప్పదు. అసలు అందరి కన్నూ 2027 ఆగస్టు 2 మీద ఉంది. ఈజిప్టులోని లక్సర్‌ దగ్గర ఆరు నిమిషాలకు పైగా సంపూర్ణం. మబ్బు భయం లేదు, వేడి భయం ఉంది. సూర్యుడు ఎనభై డిగ్రీలు దాటి ఇంచుమించు నడినెత్తిన ఉంటాడు. మామూలు ట్రైపాడ్‌ తల అంత నిటారుగా తిరగదు, తిరిగినా వ్యూఫైండర్‌లో చూడాలంటే నేల మీద కూర్చోవాలి. ఒంగోలు అతను వెల్డింగు షాపులో ఏదో చేయిస్తున్నాడు. డాక్టరమ్మ అత్తగారిని కూడా తీసుకొస్తానంటున్నారు, ఆవిడ ఒప్పుకుంటే. మాస్టారు మాత్రం కెమెరా వద్దు, ఈసారి గడియారం కూడా వద్దు, ఓ చాప చాలంటున్నారు.